కోడ్‌లో కొత్త ప్రాక్సీ ఇచ్చినా రిక్వెస్ట్స్ పాత ప్రాక్సీకే వెళ్తోంది, ఎందుకు?

రాయదుర్గం_రిపోర్ట్ | మంగళవారం, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. రెండు రోజులుగా ఒకే చోట తిరుగుతున్నాను, ఎవరైనా దారి చూపండి.

మా ఆఫీసు రాయదుర్గం మెట్రో స్టేషన్ దగ్గర. అక్కడ ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఉబుంటు డెస్క్‌టాప్ మీద రోజూ పొద్దున ఏడింటికి నా పైథాన్ స్క్రిప్ట్ నడుస్తుంది. బయటి సైట్ నుంచి కరెన్సీ రేట్లు తెచ్చి, మా లోపలి రిపోర్ట్ సర్వర్‌కు పంపుతుంది. వెబ్‌సైట్లతో మాట్లాడే రిక్వెస్ట్స్ లైబ్రరీ, అందులో ఒక సెషన్ (అన్ని కాల్స్‌కూ ఒకే సెట్టింగ్స్ దాచుకునేది), అంతే.

శుక్రవారం సాయంత్రం నెట్‌వర్క్ టీమ్ ప్రాక్సీ (బయటి సైట్లకు మా రాకపోకలు దాటాల్సిన మధ్య సర్వర్) మార్చింది. పాతదాని పోర్టు 8080, కొత్తది 3128. నేను కోడ్‌లో సెషన్.ప్రాక్సీస్‌కి హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్ రెండింటికీ కొత్త అడ్రస్ ఇచ్చాను. అయినా ప్రాక్సీ ఎర్రర్, కనెక్షన్ రిఫ్యూజ్డ్. కొత్త ప్రాక్సీ లాగ్‌లో నా మెషీన్ నుంచి ఒక్క లైను కూడా రాలేదని నెట్‌వర్క్ వాళ్లు చెప్పారు. అంటే ఇంకా పాత తలుపే తడుతోంది. కానీ నా కోడ్‌లో 8080 అన్న అంకె ఎక్కడా లేదు. మరి ఎక్కడి నుంచి తెస్తోంది?

తొమ్మిదింటికల్లా రిపోర్ట్ వెళ్లాలి. నిన్న, ఈరోజు నేనే కూర్చుని చేత్తో రేట్లు ఎక్కించాను. చాలా టెన్షన్‌గా ఉంది.

కూకట్‌పల్లి_కోడ్ | ఉదయం 10:20

ముందు ఆ బయటి సైట్‌కి పింగ్ వెళ్తోందా చూడండి. వెళ్లకపోతే అది నెట్‌వర్క్ వాళ్ల సమస్యే.

నెట్‌వర్క్_నల్లకుంట | ఉదయం 10:31

పింగ్ పరీక్ష ఇక్కడ పనికిరాదు తమ్ముడూ. పింగ్ ప్రాక్సీ గుండా వెళ్లదు. ఇలాంటి ఆఫీసుల్లో డెస్క్‌టాప్ నుంచి బయటికి నేరుగా దారే ఉండదు. చాలాచోట్ల బయటి సైట్ల పేర్లు కూడా మెషీన్‌కు తెలియవు. ఆ పేరు పట్టుకుని ఐపీ (అంకెల చిరునామా) వెతికేది ప్రాక్సీయే. కాబట్టి పింగ్ ఫెయిలైనా బ్రౌజర్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. చూడాలంటే కర్ల్ అనే కమాండ్‌ను వీ ఆప్షన్‌తో నడపండి. ఏ ప్రాక్సీకి, ఏ పోర్టుకు కనెక్ట్ అవుతోందో మొదటి రెండు మూడు లైన్లలోనే కనిపిస్తుంది.

అమీర్‌పేట_ట్రైనర్ | ఉదయం 10:48

రాయదుర్గం గారూ, మీ మెషీన్‌లో పాత ప్రాక్సీ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా (ప్రోగ్రాములు చదువుకునేలా సిస్టమ్‌లో పెట్టే విలువగా) ఉండిపోయి ఉంటుంది. నా దగ్గర పైథాన్ నేర్చుకుని ఉద్యోగాల్లో చేరిన పిల్లల నుంచి నెలకొక ఫోనైనా వస్తుంది దీని మీద.

సెషన్ మీద మనం చేత్తో రాసిందే గెలుస్తుందని ఎవరైనా అనుకుంటారు. రిక్వెస్ట్స్‌లో అలా కాదు. గెట్, పోస్ట్ పిలిచేటప్పుడు ఆ పిలుపులోనే ప్రాక్సీస్ ఇస్తే దానికి మొదటి స్థానం. తర్వాత ఎన్విరాన్‌మెంట్. సెషన్.ప్రాక్సీస్‌ది చివరి స్థానం. ఎన్విరాన్‌మెంట్‌లో అదే పేరు మీద విలువ దొరికితే సెషన్‌లో మీరు రాసినదాన్ని అది తోసేస్తుంది. ఇది బగ్ అని ఎన్నోసార్లు గొడవ జరిగింది. చివరికి లైబ్రరీ డాక్యుమెంటేషన్‌లోనే హెచ్చరికగా రాసి పెట్టారు.

నిర్ధారించుకోవడానికి పైథాన్ ప్రాంప్ట్‌లో రిక్వెస్ట్స్.యుటిల్స్‌లో ఉన్న గెట్_ఎన్విరాన్_ప్రాక్సీస్ అనే ఫంక్షన్‌కు మీ బయటి సైట్ యూఆర్‌ఎల్ ఇచ్చి చూడండి. ఏది చదువుతోందో అదే చెబుతుంది.

రాయదుర్గం_రిపోర్ట్ | ఉదయం 11:05

సార్, మీరు చెప్పిందే. అందులో 8080 కనిపించింది! ఎన్విరాన్‌మెంట్ మొత్తం కింద పెడుతున్నాను, ఒకసారి చూడండి.

[పోస్టులోని ఈ భాగాన్ని రాసినవారు తొలగించారు]

సైనిక్‌పురి_సెక్యూరిటీ | ఉదయం 11:07

రాయదుర్గం గారూ, వెంటనే ఆ భాగం తీసేయండి. ప్రాక్సీ అడ్రస్‌లో మీ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ రెండూ కనిపిస్తున్నాయి. తీసేస్తే సరిపోదు, పాస్‌వర్డ్ ఇప్పుడే మార్చండి. రెండు నిమిషాలే కదా అని ఊరుకోవద్దు. చాలా ఆఫీసుల్లో ప్రాక్సీకి, మెయిల్‌కి, వీపీఎన్‌కి ఒకటే పాస్‌వర్డ్.

రాయదుర్గం_రిపోర్ట్ | ఉదయం 11:26

తీసేశాను. పాస్‌వర్డ్ కూడా మార్చాను, మా టీమ్ లీడ్‌కు జరిగింది చెప్పాను. థాంక్యూ అండీ, నాకు ఆ ఆలోచనే రాలేదు.

పాస్‌వర్డ్ లేకుండా చెబుతాను. టెర్మినల్ తెరిచినప్పుడల్లా చదివే బాష్‌ఆర్‌సీ ఫైల్లో పైన చిన్న అక్షరాల్లో హెచ్‌టీటీపీఎస్_ప్రాక్సీ ఉంది, అది పాత 8080. ఏడాది కింద ఎవరో సెటప్ చేసినప్పటిది. కింద శుక్రవారం నేను క్యాపిటల్ అక్షరాల్లో కొత్త 3128 రాశాను. కింద రాసిందే చెల్లాలి కదా?

నెట్‌వర్క్_నల్లకుంట | ఉదయం 11:40

చెల్లదమ్మా. చిన్న అక్షరాలది, క్యాపిటల్‌ది రెండు వేర్వేరు వేరియబుల్స్. ఒకదాని మీద ఒకటి రాసినట్టు కాదు, రెండూ బతికే ఉన్నాయి. రెండూ ఉండి విలువలు వేరైతే పైథాన్ చిన్న అక్షరాలదే తీసుకుంటుంది.

చిన్న అక్షరాలే వాడమని నేను చెప్పడానికి ఇంకో కారణం ఉంది. వెబ్ సర్వర్ ప్రోగ్రాములను నడిపే పాత సీజీఐ పద్ధతిలో బయటి నుంచి వచ్చిన దాదాపు ప్రతి హెడర్‌నూ (రిక్వెస్ట్‌తో వచ్చే సమాచార లైనునూ), పేరు ముందు హెచ్‌టీటీపీ_ అని చేర్చి ఎన్విరాన్‌మెంట్‌లో పెడతారు. ఎవరైనా ప్రాక్సీ అనే పేరుతో ఒక హెడర్ పంపితే ఏమవుతుంది? అది క్యాపిటల్ హెచ్‌టీటీపీ_ప్రాక్సీ అయి కూర్చుంటుంది. మీ సర్వర్ బయటికి చేసే కాల్స్ ఆ అపరిచితుడి ప్రాక్సీ గుండా పోతాయి. 2016 జులైలో హెచ్‌టీటీపాక్సీ పేరుతో ఇది పెద్ద లొల్లి అయింది. అందుకే కర్ల్ ఈ ఒక్క వేరియబుల్‌కు క్యాపిటల్ రూపాన్ని అసలు చదవదు. పైథాన్ కూడా సీజీఐ వాతావరణంలో ఉన్నానని తెలిస్తే దాన్ని పక్కన పెడుతుంది.

పాత లైన్లు తీసేసి, కొత్తవి చిన్న అక్షరాల్లో రాసి, కొత్త టెర్మినల్ తెరవండి. పాత టెర్మినల్‌లో పాత విలువే ఉంటుంది.

రాయదుర్గం_రిపోర్ట్ | మధ్యాహ్నం 12:15

తీసేశాను. కనెక్షన్ రిఫ్యూజ్డ్ పోయింది. ఇప్పుడు ఎస్‌ఎస్‌ఎల్ ఎర్రర్, రాంగ్ వెర్షన్ నంబర్ అంటోంది. హెచ్‌టీటీపీఎస్_ప్రాక్సీ విలువ హెచ్‌టీటీపీఎస్:// తోనే మొదలుపెట్టాను. సైట్ హెచ్‌టీటీపీఎస్ కాబట్టి అలాగే ఉండాలి కదా సార్?

అమీర్‌పేట_ట్రైనర్ | మధ్యాహ్నం 12:40

ఇది క్లాసులో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాల్సిన విషయం. ఇక్కడ మాటల్లో ప్రయత్నిస్తాను.

వేరియబుల్ పేరులో ఉన్న హెచ్‌టీటీపీఎస్ మీరు చేరాల్సిన సైట్ గురించి. విలువ మొదట్లో రాసే హెచ్‌టీటీపీ:// ప్రాక్సీతో మీరు మాట్లాడే తీరు గురించి. ఈ రెండింటికీ సంబంధం లేదు. గేటెడ్ కమ్యూనిటీలో చుట్టాలింటికి వెళ్తే గేటు దగ్గర వాచ్‌మన్‌తో హిందీలో మాట్లాడతాం, ఫ్లాట్‌లోకి వెళ్లాక అత్తయ్యతో తెలుగులో మాట్లాడతాం. అత్తయ్యకు తెలుగు వచ్చు కదా అని వాచ్‌మన్‌తో తెలుగు మొదలుపెడితే ఆయన తెల్లమొహం వేస్తాడు. మీ దగ్గర జరుగుతున్నది అదే.

హెచ్‌టీటీపీఎస్ సైట్‌కు ప్రాక్సీ గుండా వెళ్లేటప్పుడు లైబ్రరీ ముందు ప్రాక్సీకి మామూలు అక్షరాల్లో కనెక్ట్ అనే ఆదేశం, ఫలానా సైట్, 443 పోర్టు అని పంపుతుంది. ప్రాక్సీ సరేనన్నాక ఆ గొట్టం లోపల సైట్‌తో టీఎల్‌ఎస్ (ఎన్‌క్రిప్ట్ చేసిన) సంభాషణ మొదలవుతుంది. మీరు విలువలో హెచ్‌టీటీపీఎస్:// అని రాశారు కాబట్టి లైబ్రరీ ప్రాక్సీతోనే టీఎల్‌ఎస్ మొదలుపెట్టింది. 3128 పోర్టులో ఉన్న ప్రాక్సీకి మామూలు హెచ్‌టీటీపీయే వచ్చు. అది పంపిన జవాబు చూసి మీ వైపు ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీ ఇదేం వెర్షన్ అని ఆగిపోయింది.

పాత సెట్టింగ్ కూడా హెచ్‌టీటీపీఎస్:// తో ఏళ్ల తరబడి పనిచేసిందే అని చాలామంది అడుగుతారు. నిజమే, పనిచేసేది. రిక్వెస్ట్స్ కింద ఉండే యూఆర్‌ఎల్‌లిబ్3 అప్పట్లో ఆ తేడాను పట్టించుకోకుండా ప్రాక్సీతో మామూలుగానే మాట్లాడేది. 2020 నవంబర్‌లో వచ్చిన 1.26 వెర్షన్ నుంచి రాసింది రాసినట్టే అమలు చేస్తోంది. అప్పుడు ఒక్కసారిగా ఎన్నో ఆఫీసుల్లో పైథాన్ ప్యాకేజీలు దింపే పిప్ సైతం ఆగిపోయింది.

విలువను హెచ్‌టీటీపీ:// అని మార్చండి. మీ పాస్‌వర్డ్, పేజీలోని సమాచారం ఏదీ దీనివల్ల బట్టబయలు కాదు, సైట్‌తో టీఎల్‌ఎస్ యథాతథంగా ఉంటుంది.

నెట్‌వర్క్_నల్లకుంట | మధ్యాహ్నం 12:52

ట్రైనర్ గారూ, చివరి వాక్యంలో చిన్న సవరణ. సైట్ పాస్‌వర్డ్ బట్టబయలు కాదు, నిజమే. కానీ ప్రాక్సీ పాస్‌వర్డ్ బేసిక్ పద్ధతిలో వెళ్తుంటే, మెషీన్ నుంచి ప్రాక్సీ దాకా అది దాదాపు తెరిచిన ఉత్తరమే. అది ఎవరైనా విప్పగలిగే బేస్64 రాత మాత్రమే, ఎన్‌క్రిప్షన్ కాదు. ఆఫీసు కేబుల్ మీద చాలామంది దాన్ని ఒప్పుకుంటారు. పబ్లిక్ వైఫై మీద మాత్రం ఒప్పుకోకూడదు.

అమీర్‌పేట_ట్రైనర్ | మధ్యాహ్నం 12:58

మీరన్నది సరైనది సార్. నేను సైట్ గురించే ఆలోచించాను.

రాయదుర్గం_రిపోర్ట్ | మధ్యాహ్నం 2:10

లంచ్ తర్వాత మార్చాను. ఇప్పుడు 407, ప్రాక్సీ అథెంటికేషన్ రిక్వైర్డ్. పొద్దున మార్చిన కొత్త పాస్‌వర్డే పెట్టాను, మూడుసార్లు సరిచూసుకున్నాను. బ్రౌజర్‌లో అదే పాస్‌వర్డ్ తీసుకుంటోంది.

కూకట్‌పల్లి_కోడ్ | మధ్యాహ్నం 2:24

పాస్‌వర్డ్ చెప్పకండి. అందులో % గుర్తు, # గుర్తు లాంటివి ఉన్నాయా, అది చెప్పండి చాలు.

రాయదుర్గం_రిపోర్ట్ | మధ్యాహ్నం 2:27

% ఉంది, దాని వెనకాల రెండు అంకెలు ఉన్నాయి.

కూకట్‌పల్లి_కోడ్ | మధ్యాహ్నం 2:41

దొరికింది. యూఆర్‌ఎల్‌లో % తర్వాత రెండు అంకెలు వస్తే అది ఇంకో అక్షరానికి సంకేతం. ఉదాహరణకు %40 అంటే @. లైబ్రరీ మీ పాస్‌వర్డ్‌ను అలా విప్పి, వేరే పాస్‌వర్డ్‌గా మార్చి పంపుతోంది. అసలు % గుర్తును %25 అని రాయాలి. # అయితే ఇంకా కష్టం, అక్కడితో అడ్రస్ తెగిపోతుంది. దాన్ని %23 అని రాయాలి.

చేత్తో మార్చకండి. పైథాన్‌లో యూఆర్‌ఎల్‌లిబ్.పార్స్ కింద క్వోట్ ఫంక్షన్ ఉంది, సేఫ్ అన్న చోట ఖాళీ స్ట్రింగ్ ఇవ్వండి. ఇవ్వకపోతే / గుర్తు మారకుండా మిగిలిపోతుంది. బాష్‌ఆర్‌సీలో విలువను సింగిల్ కోట్స్‌లో పెట్టండి. డబుల్ కోట్స్‌లో $ ఉంటే బాష్ దాన్ని వేరియబుల్ అనుకుంటుంది. నేను ఒక ఆదివారం మొత్తం ఆ ఒక్క $ కోసం పోగొట్టుకున్నాను.

అప్పటికీ 407 వస్తే మీ ప్రాక్సీ ఎన్‌టీఎల్‌ఎం (మైక్రోసాఫ్ట్ లాగిన్ పద్ధతి) అడుగుతోందేమో చూడాలి. రిక్వెస్ట్స్‌కు ప్రాక్సీ దగ్గర ఎన్‌టీఎల్‌ఎం రాదు. అప్పుడు మధ్యలో సీఎన్‌టీఎల్‌ఎం లాంటి చిన్న ప్రోగ్రామ్ మీ మెషీన్‌లోనే నడపాల్సి ఉంటుంది.

రాయదుర్గం_రిపోర్ట్ | మధ్యాహ్నం 3:02

407 పోయింది! కొత్త ప్రాక్సీ లాగ్‌లో నా మెషీన్ కనిపించిందని నెట్‌వర్క్ టీమ్ మెసేజ్ పెట్టింది.

కానీ ఇప్పుడు సర్టిఫికెట్ వెరిఫై ఫెయిల్డ్, చైన్‌లో సెల్ఫ్ సైన్డ్ సర్టిఫికెట్ ఉంది అంటోంది.

బ్యాకెండ్_బేగంపేట్ | మధ్యాహ్నం 3:09

సర్టిఫికెట్ పరీక్షే ఆగిపోయేలా వెరిఫై ఈక్వల్స్ ఫాల్స్ పెట్టేయండి, అయిపోతుంది. ఎలాగూ ఆఫీసు లోపలి మెషీనే కదా. మేమంతా అలాగే చేస్తాం.

సైనిక్‌పురి_సెక్యూరిటీ | మధ్యాహ్నం 3:50

బేగంపేట్ గారూ, మీరు సాయం చేద్దామనే చెప్పారు, అది నాకు తెలుసు. కానీ ఈ సలహాను ఇక్కడితో ఆపుదాం, ఎందుకో చెబుతాను.

మీ ఆఫీసులోని కొత్త ప్రాక్సీ హెచ్‌టీటీపీఎస్ రాకపోకలను తెరిచి పరిశీలిస్తోంది. సైట్ ఇచ్చిన సర్టిఫికెట్ స్థానంలో తన సర్టిఫికెట్ పెట్టి మీకు పంపుతోంది. బ్రౌజర్‌లో ఇబ్బంది లేదంటే కంపెనీ రూట్ సర్టిఫికెట్‌ను (ప్రాక్సీ ఇచ్చే సర్టిఫికెట్లకు మూలమైనదాన్ని) ఐటీ వాళ్లు బ్రౌజర్‌కు ముందే పరిచయం చేశారన్నమాట. రిక్వెస్ట్స్‌కు ఆ పరిచయం లేదు. అది సర్టిఫై అనే ప్యాకేజీతో వచ్చే సొంత జాబితానే చూస్తుంది. అందుకే ఆగిపోయింది. తెలియని మనిషికి తలుపు తీయకుండా సరిగ్గా తన పని తాను చేసింది.

వెరిఫై ఫాల్స్ పెడితే మీ కంపెనీ ప్రాక్సీని ఒక్కదాన్నే నమ్మినట్టు కాదు. మధ్యలో ఎవరున్నా నమ్మినట్టు. నా పాత ఉద్యోగంలో చెల్లింపుల లెక్కలు సరిచూసే స్క్రిప్ట్‌లో ఒకరు ఒక్కరోజు కోసమని ఆ ఫాల్స్ పెట్టారు. వార్నింగ్ చిరాకు పెడుతోందని దాన్ని కూడా ఆఫ్ చేశారు. నాలుగేళ్ల తర్వాత ఆ స్క్రిప్ట్‌ను ఇంకొకరు కాపీ చేసి తన లాప్‌టాప్‌లో, పీజీ హాస్టల్ వైఫై మీద నడిపారు. అందులో అసలైన టోకెన్ (పాస్‌వర్డ్ లాంటి తాళం) ఉంది. ఏ నష్టం జరిగిందీ లేనిదీ మాకు తేల్చుకునే దారి కూడా లేకపోయింది. టోకెన్లన్నీ రద్దు చేసి రెండు రాత్రులు కూర్చున్నాం. ఫాల్స్ అన్న ఆ లైను ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది, ఆ ఫైల్లో 38వ లైను.

రాయదుర్గం గారూ, మీ ఐటీ వాళ్లను కంపెనీ రూట్ సర్టిఫికెట్ పెమ్ (టెక్స్ట్ ఫైల్) రూపంలో అడగండి. రిక్వెస్ట్స్_సీఏ_బండిల్ అనే వేరియబుల్‌కు ఆ ఫైల్ దారి ఇవ్వండి.

బ్యాకెండ్_బేగంపేట్ | సాయంత్రం 4:05

అర్థమైంది అండీ. నా రిపోల్లో వెతికాను, ఆరు చోట్ల ఉంది. ఈ వారమే తీసేస్తాను.

హాస్టల్_రూమ్_214 | సాయంత్రం 5:30

అన్నా, అక్కా, మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. మా కాలేజీ హాస్టల్‌లో బ్రౌజర్ పనిచేస్తుంది, పిప్ ఇన్‌స్టాల్ మాత్రం ఎంతకీ కదలదు. సెట్టింగ్స్‌లో ప్రాక్సీ అడ్రస్ లేదు, ఆటోమేటిక్ కాన్ఫిగరేషన్ అని చివర్లో డాట్ పాక్ ఉన్న లింక్ ఒకటే ఉంది. ఎల్లుండి మినీ ప్రాజెక్ట్ రివ్యూ.

నెట్‌వర్క్_నల్లకుంట | సాయంత్రం 5:48

తమ్ముడూ, ఆ పాక్ ఫైల్ జావాస్క్రిప్ట్ ముక్క. ఏ సైట్‌కు ఏ ప్రాక్సీ అని బ్రౌజర్ అడిగితే అది చెబుతుంది. బ్రౌజర్ దాన్ని నడపగలదు, రిక్వెస్ట్స్ నడపలేదు. పిప్ లోపల ఉన్నది కూడా రిక్వెస్ట్సే. ఆ లింక్‌ను బ్రౌజర్‌లో తెరిచి, దిగిన ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో చూడు. కింద ప్రాక్సీ అన్న మాట పక్కన అడ్రస్, పోర్టు ఉంటాయి. పిప్‌కు ప్రాక్సీ అనే ఆప్షన్‌తో ఆ రెండూ ఇవ్వు.

రాయదుర్గం_రిపోర్ట్ | బుధవారం, ఉదయం 11:15

సర్టిఫికెట్ వచ్చింది, పెట్టాను. కరెన్సీ రేట్లు వచ్చాయి! కానీ స్క్రిప్ట్‌లో ఒక బ్యాంక్ సైట్ కూడా చూస్తాను, నిన్న ప్రాక్సీ దాటాక అది మామూలుగానే వచ్చింది. ఈరోజు కంపెనీ సర్టిఫికెట్ పెట్టాక అదే ఫెయిలవుతోంది.

సైనిక్‌పురి_సెక్యూరిటీ | ఉదయం 11:32

ఇది నేను నిన్నే చెప్పాల్సింది, క్షమించండి. ఆ వేరియబుల్ ఉన్న జాబితాకు ఒకటి చేర్చదు, జాబితానే మార్చేస్తుంది. ఇప్పుడు రిక్వెస్ట్స్‌కు మీ కంపెనీ తప్ప లోకంలో ఇంకెవరూ తెలియదు. ప్రాక్సీలు సాధారణంగా బ్యాంకుల రాకపోకలను తెరవవు, అసలు సర్టిఫికెట్‌నే వదిలేస్తాయి. దాన్ని గుర్తుపట్టే జాబితా మీ దగ్గర లేకుండా పోయింది.

ఉబుంటులో ఇలా చేయండి. కంపెనీ సర్టిఫికెట్‌ను డాట్ సీఆర్‌టీ పేరుతో యూఎస్‌ఆర్, లోకల్, షేర్ కింద ఉన్న సీఏ-సర్టిఫికెట్స్ ఫోల్డర్‌లో పెట్టి, అప్‌డేట్-సీఏ-సర్టిఫికెట్స్ కమాండ్ నడపండి. అందరివీ, మీ కంపెనీదీ కలిసిన ఒకే ఫైలు ఈటీసీ కింద ఎస్‌ఎస్‌ఎల్, సర్ట్స్ ఫోల్డర్‌లో తయారవుతుంది. వేరియబుల్‌ను దానివైపు తిప్పండి.

ఇక్కడే ఇంకొక మాట. పిప్ 24.2 నుంచి, పైథాన్ 3.10 లేదా ఆపైది ఉంటే, పిప్ మామూలుగా సిస్టమ్ సర్టిఫికెట్లనే చూస్తుంది. కాబట్టి పిప్ పనిచేస్తోంది కదా, రిక్వెస్ట్స్ కూడా పనిచేయాలి అనుకోవద్దు.

రాయదుర్గం_రిపోర్ట్ | మధ్యాహ్నం 12:20

రెండు సైట్లూ వచ్చాయి. మిగిలింది లోపలి రిపోర్ట్ సర్వర్. దానికి పంపితే ప్రాక్సీ నుంచి 403 (అనుమతి లేదు). ప్రాక్సీ వద్దనే చిరునామాల జాబితా నో_ప్రాక్సీలో 10.0.0.0/8 (10తో మొదలయ్యే ఐపీలన్నీ) ఉంది, మా సర్వర్ ఐపీ 10తోనే మొదలవుతుంది. అయినా ప్రాక్సీకే వెళ్తోంది.

అమీర్‌పేట_ట్రైనర్ | మధ్యాహ్నం 1:05

కోడ్‌లో సర్వర్‌ను ఐపీతో పిలుస్తున్నారా, పేరుతోనా? పేరుతో అయితే ఆ 10.0.0.0/8 మీకు పనిచేయదు. యూఆర్‌ఎల్‌లో ఐపీ రాసి ఉంటేనే రిక్వెస్ట్స్ దాన్ని ఆ రేంజ్‌తో పోల్చి చూస్తుంది. పేరు ఉంటే దాని ఐపీ ఏమిటో కనుక్కుని మరీ పోల్చదు, పేరు చివరి భాగాన్ని మాత్రమే పోలుస్తుంది. మీ లోపలి డొమైన్‌ను ముందు చుక్క పెట్టి చేర్చండి. నక్షత్రం గుర్తు పెట్టకండి, దాన్ని రిక్వెస్ట్స్ మామూలు అక్షరంగానే చూస్తుంది. లోకల్‌హోస్ట్, 127.0.0.1 కూడా చేర్చండి.

రాయదుర్గం_రిపోర్ట్ | మధ్యాహ్నం 1:30

పేరుతోనే సార్. చేర్చాను, కొత్త టెర్మినల్ కూడా తెరిచాను. గెట్_ఎన్విరాన్_ప్రాక్సీస్ ఆ పేరుకు ఖాళీ ఇస్తోంది. అయినా 403!

అమీర్‌పేట_ట్రైనర్ | మధ్యాహ్నం 1:44

మొదట్లో రాసిన సెషన్.ప్రాక్సీస్ లైను ఇంకా కోడ్‌లో ఉందా?

రాయదుర్గం_రిపోర్ట్ | మధ్యాహ్నం 1:46

ఉంది.

అమీర్‌పేట_ట్రైనర్ | మధ్యాహ్నం 2:03

తీసేయండి. ఎన్విరాన్‌మెంట్ ఈ పేరుకు ప్రాక్సీ వద్దని ఖాళీ ఇచ్చింది. ఆ ఖాళీ స్థానంలోకి సెషన్‌లో మీరు రాసింది వచ్చి కూర్చుంది. కోడ్‌లో రాసిన ప్రాక్సీ నో_ప్రాక్సీని చూడదు. మంగళవారం ఆ లైను ఓడిపోయి మిమ్మల్ని ఇబ్బంది పెట్టింది, ఈరోజు గెలిచి ఇబ్బంది పెడుతోంది.

ఎన్విరాన్‌మెంట్‌ను నమ్మొద్దని ట్రస్ట్_ఎన్వ్‌ను ఫాల్స్ చేసే దారి కూడా ఉంది. కానీ అలా చేస్తే ప్రాక్సీ ఒక్కటే పోదు. రిక్వెస్ట్స్_సీఏ_బండిల్ చదవడం, లాగిన్ వివరాలుండే నెట్‌ఆర్‌సీ ఫైల్ చదవడం కూడా ఆగిపోతాయి. మళ్లీ సర్టిఫికెట్ ఎర్రర్ దగ్గరికే వస్తారు. మీ పనికి ఎన్విరాన్‌మెంట్ ఒక్కటే చాలు, కోడ్‌లో ప్రాక్సీ ఊసే వద్దు.

రాయదుర్గం_రిపోర్ట్ | మధ్యాహ్నం 2:15

పనిచేసింది. మూడూ పనిచేశాయి. మా పక్క సీటు వాళ్లు ఏమైందని లేచి చూశారు.

బ్యాకెండ్_బేగంపేట్ | మధ్యాహ్నం 3:20

ఇదే అదనుగా మా టీమ్ అనుభవం చెబుతాను. రిక్వెస్ట్స్ లాంటి ఇంకో లైబ్రరీ హెచ్‌టీటీపీఎక్స్ వాడేవాళ్లు 0.28కి మారితే ప్రాక్సీస్ అనే ఆర్గ్యుమెంట్ లేదు, తీసేశారు. ఒక్క ప్రాక్సీ అయితే ప్రాక్సీ అని ఏకవచనంలో ఇవ్వాలి, సైట్‌ను బట్టి మారాలంటే మౌంట్స్ వాడాలి. 2024 నవంబర్‌లో అది వచ్చినప్పుడు దాని మీద ఆధారపడ్డ వేరే లైబ్రరీలు సైతం టైప్ ఎర్రర్‌తో పడిపోయాయి. ఏఐఓహెచ్‌టీటీపీ అనే లైబ్రరీ అయితే తీరు తలకిందులు. ట్రస్ట్_ఎన్వ్ ట్రూ అని చెప్పేదాకా అది ఎన్విరాన్‌మెంట్ వైపు చూడదు.

రాయదుర్గం_రిపోర్ట్ | గురువారం, ఉదయం 7:20

బాధగా రాస్తున్నాను. పొద్దున ఏడింటికి క్రాన్‌లో (టైముకు స్క్రిప్ట్ నడిపే టూల్‌లో) ఫెయిలైంది. నిన్న చేత్తో నడిపితే పదిసార్లు పనిచేసింది. క్రాన్ బాష్‌ఆర్‌సీ చదవదని వెతికితే తెలిసింది. దాని షెడ్యూల్ ఫైల్ క్రాన్‌ట్యాబ్ లైన్లోనే కమాండ్ ముందు ప్రాక్సీ విలువ మొత్తం రాశాను. ఇప్పుడు కమాండ్ సగంలో తెగిపోయినట్టు ఏదో సింటాక్స్ ఎర్రర్ వస్తోంది.

నెట్‌వర్క్_నల్లకుంట | ఉదయం 7:41

బాధపడకమ్మా, చివరి మెట్టు ఇది. క్రాన్‌ట్యాబ్ కమాండ్‌లో % గుర్తుకు వేరే అర్థం ఉంది. క్రాన్ దాన్ని కొత్త లైనుగా తీసుకుని, కమాండ్‌ను అక్కడే కోస్తుంది. నీ పాస్‌వర్డ్‌లో %25 ఉంది కదా, సరిగ్గా అక్కడ తెగింది.

పాస్‌వర్డ్ క్రాన్‌ట్యాబ్‌లో వద్దు. ప్రాక్సీ, నో_ప్రాక్సీ, సర్టిఫికెట్ లైన్లు మూడూ ఎక్స్‌పోర్ట్‌తో సహా వేరే చిన్న ఫైల్లో పెట్టు. దానికి 600 పర్మిషన్ ఇవ్వు, అప్పుడు నువ్వు, రూట్ అడ్మిన్ తప్ప వేరే యూజర్లు చదవలేరు. ఆ ఫైల్‌ను సోర్స్ చేసి, తర్వాత పైథాన్‌ను పిలిచే రెండు లైన్ల బాష్ స్క్రిప్ట్ రాయి. క్రాన్ ఆ స్క్రిప్ట్‌ను పిలుస్తుంది.

హాస్టల్_రూమ్_214 | ఉదయం 9:10

అన్నా, పాక్ ఫైల్లో అడ్రస్ దొరికింది, పిప్ నడిచింది. రాత్రి రెండింటి దాకా కూర్చుని మోడల్ ట్రెయిన్ చేశాను. రివ్యూ పదకొండింటికి.

రాయదుర్గం_రిపోర్ట్ | శుక్రవారం, ఉదయం 7:06

7:02కి రిపోర్ట్ సర్వర్‌లో ఈరోజు రేట్లు కనిపించాయి. ఇంట్లోంచే, ఫోన్లో వీపీఎన్ పెట్టుకుని చూశాను. నేను ముట్టుకోలేదు, దానంతట అదే వెళ్లింది. కోడ్‌లో ప్రాక్సీ అన్న మాట ఒక్కటి కూడా లేదిప్పుడు. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

నెట్‌వర్క్_నల్లకుంట | ఉదయం 8:15

సంతోషం. ఒక్కటి మిగిలింది. ఆ ఫైల్లో ఉన్నది నీ సొంత పాస్‌వర్డ్. మళ్లీ మార్చినప్పుడు ఆ ఫైల్ మరిచిపోతే, క్రాన్ పాతదానితో పదేపదే తట్టి నీ అకౌంట్ లాక్ చేయించవచ్చు. స్క్రిప్ట్ కోసం విడిగా సర్వీస్ అకౌంట్ ఇమ్మని మీ నెట్‌వర్క్ టీమ్‌ను అడుగు.

రాయదుర్గం_రిపోర్ట్ | ఉదయం 10:40

టికెట్ పెట్టాను సార్. సోమవారానికి ఇస్తామన్నారు.